వరసగా చదవకూడని కథ

మా సత్యవతి మేడమ్ గారు ఇక లేరని ఫోనులో చెప్తే నేను నమ్మలేదు. గుండెపోటట. ఆ వారంలోనే ఆవిడతో మాట్లాడాను. ఆ దిగ్భ్రాంతి నుంచి తేరుకోకముందే, సంతాపసభలో ఆవిడకు జరిగిన అపచారం కళ్లారా చూశాను. అందుకే ఇప్పుడు కన్నీటి కంటే కోపమే ముందు వస్తోంది. మర్యాద తప్పి రాస్తే పెద్దలు నన్ను క్షమించనక్కర్లేదు.

నర్సీపట్నంలో ఏళ్ల తరబడి టైపు నేర్పిన ఆవిడ, తొంభైల చివర మిషన్లు పోయి కంప్యూటర్లు రాగానే, నలభై దాటిన వయసులో మళ్లీ విద్యార్థిని అయ్యారు. పవర్‌పాయింట్ అంటే ఆఫీసు మీటింగుల్లో స్లైడ్లు చూపించే సాధనం. ఆవిడ దానితో ఆట తయారుచేశారు! నూకాలు అనే అమ్మాయి నక్కపల్లి వైపు నుంచి చేపల గంపతో మన సంతకు బయలుదేరుతుంది. ఒక్కో స్లైడులో ఒక చిక్కు, కింద బటన్లు. బస్సు కండక్టరు గంప ఎక్కనివ్వడు: బతిమాలాలా, దిగి ఆటో చూసుకోవాలా? మనం నొక్కిన బటన్ని బట్టి కథ ఎక్కడో ఉన్న మరో స్లైడుకు పోతుంది.

నేను చేపలమ్మే ఇంటి పిల్లని. పదో తరగతి తప్పాను, ఇక చదువెందుకని ఇంట్లో అంటున్న రోజులవి. ఆవిడ నేర్పే కంప్యూటర్ సెంటరులో ఆ ఆట ముందు కూర్చుని, మౌస్ పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాను.

"ఏటి నన్ను సూస్తావు? నూకాలు నువ్వే. నువ్వే నొక్కు," అన్నారు.

తప్పు నొక్కాను. చేపలు పాడైపోయాయి. ఏడుపొచ్చేసింది.

"ఆగవే, ఇంకా అవనేదు. ఎనక్కి రాడానికి దారెట్టకండా ఏ స్లైడూ ఒదల్లేదు నేను."

ఆ మాట పట్టుకునే మళ్లీ పరీక్ష కట్టాను. ఈరోజు నేను టీచరునంటే అది ఆవిడ భిక్ష.

సెంటరు ఇన్‌ఛార్జి గారికి ఇదంతా పనికిమాలిన వ్యాపకం. "అది ఆటలకని చేసిన సాఫ్ట్‌వేర్ కాదండీ," అని ఆయన మందలిస్తే, "నేనూ కంప్యూటర్లకని పుట్టలేదు కదండీ బాబూ. పని సేత్తన్నానా లేదా?" అన్నారు మేడమ్ గారు.

ఆ పెద్దమనిషే ఇప్పుడు ఆ ఆటంతా మొదటి స్లైడు నుంచి వరసగా ప్రింటు తీయించి, బైండు చేయించి, మేడమ్ గారి రచన అంటూ సభలో పంచారు! ఏ బటను ఎటు పోతుందో కాగితం మీద ఎలా తెలుస్తుంది? వక్త ఒకాయన గొంతెత్తి చదివారు. ఒక పేజీలో గంప ఏట్లో పడిపోయింది. తర్వాతి పేజీలో చేపలన్నీ అమ్ముడైపోయాయి. ఆ తర్వాత నూకాలు ఇంకా ఇంటి దగ్గరే ఉంది. సభంతా నవ్వులు. "పాపం, ఆఖర్లో ఆవిడకి మతి నిలకడ తప్పినట్టుందండీ," అన్నాడాయన.

లేచి అరిచాను. "మతి తప్పింది ఆవిడకి కాదండీ! అది ఆట. తమరు ఒక్కసారైనా ఆడారా?"

ఫైలు ఇమ్మని అడిగాను. "కొత్త బ్యాచికని ఆ సిస్టమ్ ఫార్మాట్ సేసేశామమ్మా, పాతవన్నీ పోయాయి. పుస్తకం ఉంది కదా, ఏటి నష్టం?" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

ఏమి నష్టమో చెబుతాను. అప్పట్లో ఆ ఆట ఆడిన ఆడపిల్లలం కూడబలుక్కుని, ఆ పుస్తకంలో ప్రతి బటను పక్కనా వెళ్లాల్సిన పేజీ నంబరు ఎర్ర పెన్నుతో రాస్తున్నాం. చాలావరకు గుర్తొచ్చాయి. గంప ఏట్లో పడిన పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాం. మాలో ఎవరమూ ఎప్పుడూ అక్కడిదాకా వెళ్లలేదు. ఆ పేజీలో ఉన్నది ఒకే బటను. దాని మీద "లేచి నడు" అని ఉంది.

మేడమ్ గారూ, దారి పెట్టకుండా మీరు ఏ స్లైడూ వదలరు. ఆ దారి ఎటో చెప్పడానికి ఇక మీరు లేరు. అక్కడ నంబరుకు చోటు ఖాళీగా ఉంచి, మీకు నమస్కరిస్తున్నాను.