ఇంకా ఎరుపు ఎక్కించమన్నాను

బరంపురంలో మా పట్టుచీరల దుకాణంలో ముప్ఫయ్యేళ్ళు కూర్చున్నాను. రంగు విషయంలో ఎవరి మాటా విన్నవాణ్ణి కాను. కుంకుమ ఎరుపుకీ దానిమ్మగింజ ఎరుపుకీ తేడా తెలియనివాళ్ళంటే నాకు జాలి కూడా కలిగేది కాదు, ఒళ్ళు మండేది. అలాంటి నాకు ఒకరోజు ఫోనులో గోపాల్‌పూర్ అమ్మాయి వేసిన బొమ్మ కనిపించింది. చేపల వేటకెళ్ళే వాళ్ళింటి పిల్ల. ట్యాబ్ మీద గీసి ఆన్‌లైన్‌లో పెట్టేది.

ఆమె బొమ్మల్లో ఆడవాళ్ళెవరూ మనవైపు చూడరు. చేపలు ఎండబెడుతున్నా, జుట్టు ముడేసుకుంటున్నా మొహం సముద్రంవైపే. పడవ ఇంకా రాలేదని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వీపులు చూస్తే తెలిసిపోతుంది. ఆకాశానికి ఆమె వేసే రంగులు చూసి నాకు అసూయ పుట్టేది. మొదటిసారి ఆ బొమ్మని లంజిపల్లిలో మా ఇంటి గుమ్మంలోకి పట్టుకెళ్ళి వెలుతురులో చూశాను. ట్యూబులైటు కింద రంగు నమ్మకూడదని మా దుకాణం అలవాటు. ఎండలో ఫోను నల్లబడి నా మొహమే కనిపించింది.

మా ఆవిడ పగలబడి నవ్వింది. "ఫోను పట్టుచీరేటండీ, గుమ్మంలో పెట్టి సూడ్డానికి!"

ఆ రోజు నుంచి ప్రతి బొమ్మ కిందా ఏదో ఒకటి రాసేవాణ్ణి. ఇక్కడ నెమలికంఠం రంగు బాగా కుదిరింది, అక్కడ పసుపు ఎక్కువైంది, ఇలా. ఆ పిల్ల శ్రద్ధగా జవాబిచ్చేది. "మీరు సెప్తేనే నమ్మకం అంకుల్" అని ఒకసారి రాస్తే రెండు రోజులు గాల్లో తేలాను.

తర్వాత వాళ్ళమ్మని గీసి పెట్టింది. పొద్దుగూకే వేళ, ఎర్రచీర, ఒడ్డున కూర్చున్న మనిషి. ఎరుపు వెలిసిపోయినట్టనిపించింది. నా నోరు ఊరుకుంటుందా? "పదిసార్లు ఉతికిన చీరలా ఉంది తల్లీ. ఇంకా ఎక్కించు" అని రాశాను. మర్నాడు తీసేసి, మళ్ళీ వేసి పెట్టింది. ఇప్పుడు కుదిరింది, భేష్ అన్నాను.

కింద మాత్రం తెలుగులోనూ ఒడియాలోనూ జనం ఆడిపోసుకున్నారు. కళ్ళు మండుతున్నాయన్నారు, ఇదేం పిచ్చి ఎరుపన్నారు. ఒకరికి ఆమె ఇచ్చిన జవాబు చదివాను. "పట్టుసీరల అంకుల్ సరిగ్గానే సెప్పారు, నా సెయ్యే తప్పింది." నాకు కోపమొచ్చి ఫోను మా ఆవిడకి చూపించాను, నువ్వు చెప్పు అన్నాను.

"అమ్మో, ఏటి ఆ ఎరుపు! నెత్తురు పోసినట్టుంది. మీకు నిజంగా అలా కనబడ్డం లేదా?"

లేదు. నాకు ముచ్చటైన కుంకుమరంగు చీర కనిపిస్తోంది.

ఆ ఏడాదంతా ఎరుపు సరిగ్గా ఎక్కట్లేదని అద్దకంవాళ్ళతో పోట్లాడిన సంగతి కంటి ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు తట్టింది. కంటి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. నాకు ముందుగా ఎరుపు పోయిందట, మిగతావీ పోతాయట, పోయింది తిరిగి రాదట. మా ఆవిడ ఏవేవో అడుగుతోంది.

ఇంటికొచ్చి ఆ పిల్లకి ఉన్నదంతా రాశాను. తప్పు నీ చేతిది కాదమ్మా, నా కంటిది, మొదటి బొమ్మే మళ్ళీ పెట్టు అన్నాను. సాయంత్రానికి జవాబొచ్చింది. "పర్లేదు అంకుల్. దాని మీదే రంగేసేశాను, పాతది దాసుకోలేదు. మీ కళ్ళు జాగ్రత్త." అంతే. ఆ తర్వాత ఆమె ఒక్క బొమ్మ కూడా పెట్టలేదు. రోజూ తెరిచి చూస్తాను, ఆఖరి బొమ్మగా వాళ్ళమ్మే ఉంటుంది. ఎంత సిగ్గనిపించినా నిజం చెప్పాలి: నేను పాడు చేయించిన ఆ బొమ్మ నా కంటికి ఇప్పటికీ చాలా బాగుంది.