లక్షన్నర బీయెడ్

నేను బీయెడ్ చదువుతానన్న ఏడాది మా చేలో మిరప బాగానే కాసింది కానీ ధర పడిపోయింది. మాది వెల్దుర్తి మండలంలో ఒక చిన్న ఊరు. వాన మీద ఆధారపడ్డ మెట్ట సేద్యం. నేను డిగ్రీలో లెక్కలు చదివాను. ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకుకి కన్వీనర్ సీటు రాలేదు. నరసరావుపేటలో ఒక కాలేజీలో మేనేజిమెంటు సీటు ఉందని తెలిసింది. రెండేళ్ళ ఫీజు, గది అద్దె, తిండి అన్నీ కలిపితే లక్షన్నర. ఇంట్లో అంత లేదు. అందుకని నాన్నా నేనూ మాచర్లలో ఒక బ్యాంకుకి వెళ్ళాం.

లోను చూసే ఆఫీసరు నా మార్కుల కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, "బీయెడ్ అయ్యాక జీతం ఎంత వస్తుందమ్మా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నాడు. "గవర్నమెంటు టీచరైతే చానా వొస్తయ్యి గదండీ."

"అయితే సంతోషమేనండీ. కాకపోతే ఎంత వస్తుందని అడుగుతున్నాను."

మా ఇద్దరికీ తెలియదు. ఆయనే చెప్పాడు. ప్రైవేటు స్కూల్లో ఎనిమిది వేలో తొమ్మిది వేలో ఇస్తారు. అందులో మూడు వేలకు పైగా కిస్తీకే పోతుంది. "లోను ఇవ్వనని అనటం లేదు. ఇంటికెళ్ళి బాగా ఆలోచించుకుని రండి" అన్నాడు. మా మేలు కోరే చెప్పాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆయన మీద చానా కోపం వచ్చింది.

బస్టాండులో టీ తాగుతూ నాన్న అడిగాడు. "అమ్మాయ్, నీకు ఉజ్జోగం కావాలా, పాఠం చెప్పటం కావాలా?"

"పాఠం చెప్పటమే నాన్నా" అన్నాను.

అది అబద్ధం. నాకు కావలసింది ఎండలో నుంచి నీడలోకి వెళ్ళటం. ఇస్త్రీ చీర కట్టుకుని, భుజాన బ్యాగు వేసుకుని పొద్దున్నే బస్సెక్కటం. కానీ పాఠం చెప్పటమంటే నాన్న మెత్తబడతాడని తెలుసు. ఆయన గ్లాసు కింద పెట్టి, "అట్టయితే ఎంత వొచ్చిద్దని ఇంక లెక్కెయ్యమాకు" అన్నాడు. మరుసటి వారం సంతకాలు పెట్టాం.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు వెనక సందులో నాకొక గది దొరికింది. నాతో పాటు ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. అయిదేళ్ళ కూతుర్ని పుట్టింట్లో వదిలి, మెడలో గొలుసు తాకట్టు పెట్టి చదువుకు వచ్చింది. నేను అక్కా అనేదాన్ని. శనివారం సాయంత్రం కూతుర్ని చూడటానికి వెళ్ళి, సోమవారం పొద్దున్న గోంగూర పచ్చడి డబ్బాతో దిగేది. ఆ పచ్చడితో మాకు గురువారం దాకా వంట పని ఉండేది కాదు.

ఆ గదిలో ఫ్యాను వేస్తే చార్టులు ఎగిరిపోయేవి. ఫ్యాను కట్టేస్తే చెమట చుక్కలు పడి స్కెచ్ పెన్ను రంగులు అలుక్కుపోయేవి. వేసవిలో అదే మాకు పెద్ద సమస్య. చార్టు నాలుగు మూలలా నాలుగు స్టీలు గిన్నెలు పెట్టి, అక్క సోషల్ మ్యాపులు గీసేది, నేను లెక్కల బొమ్మలు గీసేదాన్ని. మధ్యలో ఏదో ఒకటి గుర్తొచ్చి కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వామో ఒక్కటీ జ్ఞాపకం లేదు. నవ్వటం మాత్రం గుర్తుంది.

రెండో ఏడు పాఠాలు చెప్పి చూపించటానికి ఊరి బయట ఒక ప్రభుత్వ హైస్కూలుకి పంపారు. ఏడో తరగతికి రుణసంఖ్యలు చెప్పాలి. మొదటి రోజు థర్మామీటరు చార్టు తగిలించి, సున్నా కంటే తక్కువ డిగ్రీలు అంటూ మొదలుపెట్టాను. మా పల్నాడు పిల్లలకి సున్నా డిగ్రీల చలి ఏం తెలుసు? నలభై మంది నా వైపు జాలిగా చూశారు. రెండో రోజు చార్టు గదిలోనే వదిలేసి వెళ్ళి, బోర్డు మీద నేలని గీశాను. పైకి వెళితే ప్లస్సు, కిందికి వెళితే మైనస్సు అని చెప్పి బోరుబావి బొమ్మ వేశాను.

రెండో వరసలో ఒక పిల్ల లేచింది. "మాది మైనస్ నాలుగొందల అడుగులు మేడం. అయినా నీళ్ళు పడలా."

"మాది మైనస్ రెండొందల ఎనబై! మాకు పడినయ్యి" అని ఇంకో పిల్ల.

ఇంక క్లాసు ఆగలేదు. ఎవరి బోరు లోతు, ఎవరి బోరు దానికంటే ఎంత తక్కువ, ఎంత ఎక్కువ. తీసివేతలు వాళ్ళే చేసేస్తున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ మధ్యాహ్నం గదికి నడుస్తూ, నాన్నకి చెప్పిన అబద్ధం నిజమైపోయిందని గ్రహించాను.

చదువయ్యాక మాచర్లలో ఒక ప్రైవేటు హైస్కూల్లో చేరాను. తొమ్మిది వేలు. వేసవి సెలవుల్లో జీతం లేదు. కిస్తీకి మాత్రం సెలవుల్లేవు. చేరిన ఏడాది ఫిబ్రవరిలో ఒక ఆదివారం అమ్మతో మిరపకాయలు కోయటానికి వెళ్ళాను. పక్క సాలులో ఉన్న పిన్ని అడిగింది. "ఏమే, నీకు రోజుకి ఎంత పడిద్ది?"

"మూడొందలు పిన్నీ."

"మాకు ఇయ్యాళ మూడొందల యాబై ఇత్తన్నారు!" అని ఆవిడ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. తలెత్తకుండా కాయలు కోస్తూ, "దానికి నీడ పట్టునుండే పని" అంది.

అక్క దారి వేరేగా వెళ్ళింది. నరసరావుపేటలో ఒక బట్టల షాపులో పద్నాలుగు వేలకు కుదిరింది. "బీయెడ్ చదివి చీరలు మడతేస్తన్నానే" అని ఫోన్లో నవ్వేది. ఏడాదిన్నరలో గొలుసు విడిపించుకుని, కూతుర్ని తన దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి నన్ను పిలిచి ఓనరుతో మాట్లాడించింది. పదమూడు వేలిస్తానన్నాడాయన. వేసవిలోనూ జీతం ఉంటుంది.

"ఇంకేంది ఆలోచన?" అంది అక్క. "ముందు అప్పు తీర్చు. పాఠాలు యాడికి పోతయ్యి?"

ఆ మాటలో తప్పు వెతకటానికి తిరుగు బస్సులో కారంపూడి దాకా ప్రయత్నించాను. దొరకలేదు. పదో తరగతి పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి, అవయ్యాక వస్తానని కబురు పెట్టాను. పరీక్షలయ్యాయి. ఫలితాలు చూసి వెళదామనుకున్నాను. అవీ వచ్చాయి. ఇలా వాయిదా వేసుకుంటూ ఉండిపోయానే తప్ప, చదువు చెప్పటం కోసం ఏదో త్యాగం చేశానని ఇప్పటికీ అనుకోను. అయితే ఆ షాపు మాట నాకొక ధైర్యమిచ్చింది. కరస్పాండెంటు గదిలోకి వెళ్ళి, బయట పదమూడు ఇస్తున్నారని చెప్పాను. ఆయన నా జీతం పదకొండున్నర వేలు చేశాడు. వేసవి జీతం మాత్రం ఒప్పుకోలేదు. సెలవుల్లో ట్యూషన్లు పెట్టుకున్నాను.

అప్పు తీరటానికి ఆరేళ్ళు పట్టింది. బాకీ లేదన్న కాగితం చేతికొచ్చిన రోజు మాచర్ల బస్టాండు ఎదుట హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని మసాలా దోశ తిన్నాను. కిస్తీ తేదీ గుర్తుకు రాకుండా తిని ఎన్నాళ్ళయిందో. ఆ దోశ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. లక్షన్నర పెట్టి కొన్న చదువు డబ్బు లెక్కన గిట్టుబాటు కాలేదు. ఆ ఆరేళ్ళూ చీరలు మడతేసి ఉంటే ఇంకా మిగిలేదే. ఎవరైనా అడిగితే ఈ మాట దాచకుండా చెబుతాను.

తర్వాత డీఎస్సీ పడింది. అక్కా నేనూ ఇద్దరం రాశాం. షాపులో బేరాల్లేని మధ్యాహ్నాలు ఆవిడ చీరల అట్టపెట్టెల వెనక పుస్తకం పెట్టుకుని చదివిందట. ఆవిడకి వచ్చింది. నాకు కొద్దిలో పోయింది. ఫోన్లో ఆవిడ ఏడుస్తుంటే సంతోషంగానే మాట్లాడాను. ఫోను పెట్టేశాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. పిల్లల ముందు రోజూ నిలబడిందాన్ని నేను కదా అనిపించింది. మూడో రోజుకి ఆ బాధ కొంచెం పలచబడింది.

అక్కకి మా వెల్దుర్తి మండలంలోనే పోస్టింగు ఇచ్చారు. చేరిన మొదటి వారంలో ఫోను చేసింది. "చెల్లీ, ఎనిమిదేళ్ళయిందే క్లాసులో నిలబడి. భయమేస్తంది. ఒక్కసారి వచ్చి నా క్లాసులో కూసో."

మా స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళాను. హెడ్మాస్టరు కూర్చోమన్నారు. ఎనిమిదో తరగతి చివరి బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు జరిగి నాకు చోటిచ్చారు. అక్క షాపు అలవాటుతో చేతులు రెండూ ముందు కట్టుకుని నిలబడి, "రండమ్మా, ఏం చూపించమంటారు" అన్నంత మర్యాదగా పిల్లల్ని పలకరించింది. మ్యాపు తగిలించి కృష్ణానది ఎక్కడుందో చూపించమంది. ఎవరూ లేవలేదు. ఆవిడ నా వైపు చూసింది. కాసేపు ఆగమన్నట్టు నేను చెయ్యి చూపించాను. ఆవిడ ఆగింది. కిటికీ దగ్గర పిల్ల ఒకతి లేచి, బెంచీ కింద విడిచిన చెప్పులు వేసుకుని, మెల్లగా మ్యాపు దగ్గరికి నడిచింది.