రానివాళ్ళ వాకిట్లో

డ్రిల్లు సారు పోయారు. రాత్రి షిఫ్టు దిగి శేరిలింగంపల్లి స్టేషను పక్కన టీ తాగుతుంటే కొట్టతను చెప్పాడు. "ఎరుకేనా అన్నా, మన డ్రిల్లు సారు పోయిండంట, దవాఖానల." టీ సగంలోనే వదిలేసి లేచాను. ఏడుపు కూడా రాలేదు. ఒంట్లో ఉన్న కాస్త ఓపికా ఎవరో తీసుకుపోయినట్టయింది. ఇంటికి వెళ్ళే దారి అంత దూరమని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆయన కొండాపూర్‌లో పుట్టి, జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకు డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక కూడా మెడలోంచి ఈల తియ్యలేదు. ఫ్యాక్టరీ పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కిరాయి ఇళ్ళలో దిగిన మాలాంటి వాళ్ళకు, పొద్దున్నే ఊరవతల బండ మీద యోగాసనాలు నేర్పేవారు.

యోగా నేర్పే మనిషంటే ప్రశాంతంగా వెలిగిపోయే ముఖం ఏదో మీకు తోచవచ్చు. మా సారుది అలాంటి ముఖం కాదు. మోకాళ్ళ నొప్పి మీద సణిగేవారు, ఎండ మీద సణిగేవారు, ఆలస్యంగా వచ్చే రైళ్ళను పేరుపేరునా తిట్టేవారు. ఆసనాలు వేస్తే మనసు ఉల్లాసంగా ఉంటుందట కదండీ అని నేనొకసారి అడిగితే నావైపు చిరాగ్గా చూశారు. "నవ్వుమని నేను చెప్ప బిడ్డా. నవ్వొస్తే నవ్వుతవ్, లేకుంటే లేదు. ముందు నడుం నిటారుగ పెట్టు. ఇగ వచ్చే రోజు ఎట్లున్నా జర నిలబడి చూస్తవ్." ఆయన చెప్పిన వేదాంతమంతా అంతే.

అందరూ చివర్లో వేయించే శవాసనం ఆయన మొదటే వేయించేవారు. "రాత్రంత మిషన్ల కాడ నిలబడి వచ్చిండ్రు. ముందు పండుండ్రి" అనేవారు. ముఖాల మీద తువ్వాళ్ళు కప్పుకుని పడుకుంటే మాలో ఇద్దరు ముగ్గురు హాయిగా గుర్రు పెట్టేవాళ్ళు. పక్కవాడు లేపబోతే సారు ఒప్పుకునేవారు కాదు. "వాని ఆసనం అయింది. నువ్వు నీది చూస్కో."

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరైనా వరసగా రాకపోతే, ఎందుకు రాలేదని కబురు పెట్టేవారు కాదు. మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని వాళ్ళింటికే వెళ్ళి, వాకిట్లో దుప్పట్లు పరిపించి ఆసనాలు వేయించేవారు. కొత్తగా పెళ్ళయిన మా ఫిట్టరు ఒకడు జ్వరమని పడుకుంటే అలాగే వెళ్ళాం. పెళ్ళికూతురు తలుపు చాటున నిలబడి నవ్వాపుకోలేక అవస్థ పడింది. వీధంతా వేడుక చూసింది. మర్నాటి నుంచి వాడు మాకన్నా ముందే బండ మీద ఉన్నాడు.

ఆ వేడుక మా ఇంటికి వచ్చిన రోజున మాత్రం నవ్వడానికి నాలో ఏమీ మిగిలి లేదు. నా భార్య టైఫాయిడ్‌తో పోయింది. మా అమ్మాయికి అప్పుడప్పుడే మాటలు తిన్నగా వస్తున్నాయి. నేను ఫ్యాక్టరీకి వెళ్ళడం మానేశాను, బండ దగ్గరికి వెళ్ళడం మానేశాను, మంచం దిగడమే మానేశాను. తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి కొన్నాళ్ళు ఇల్లు నడిపి, చివరికి ఒక సాయంత్రం నా మంచం దగ్గర నిలబడి చెప్పారు.

"పిల్లని నేను తీసుకెళ్తాను బాబూ. మీరు లేచి నాలుగు మెతుకులు తినే స్థితిలో లేరు. దానికేం పెడతారు?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. గోడవైపు తిరిగి సరేనన్నాను. ఆవిడ పిల్ల గౌన్లన్నీ ట్రంకుపెట్టెలో సర్దేశారు.

తెల్లవారి రైలుకు వెళ్ళాలి. అత్తగారు కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి లోపలికి వస్తుండగా గేటు చప్పుడైంది. సారు, వెనక మావాళ్ళందరూ, చంకల్లో దుప్పట్లు.

"ఏమిటండీ ఇది? ముగ్గు పెట్టిన వాకిలి!" అన్నారు అత్తగారు.

"ముగ్గు తొక్కం తల్లీ, ఫికర్ చెయ్యకు" అన్నారు సారు. అన్నట్టే అంతంత మనుషులు ముగ్గు చుట్టూ అంచులు చూసుకుంటూ, కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. నన్నెవరూ పిలవలేదు. కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది. కాసేపటికి వృక్షాసనం వేయిస్తున్నట్టున్నారు, ఒక్కసారిగా మా అమ్మాయి నవ్వు వినిపించింది. వాళ్ళమ్మ పోయాక ఆ నవ్వు నేను వినలేదు. మంచం ఎలా దిగానో తెలియదు, గుమ్మంలోకి వచ్చి చూశాను. అది ఒంటికాలి మీద నిలబడబోయి తూలి పడుతోంది, పడి నవ్వుతోంది, మళ్ళీ లేస్తోంది. సారు నావైపు చూడనైనా చూడకుండా, పక్కనున్న ఖాళీ దుప్పటి చేత్తో సరిచేశారు. వెళ్ళి దానిమీద పడుకున్నాను.

నేను కళ్ళు తెరిచేసరికి ఎండ ముఖం మీద ఉంది. మావాళ్ళందరూ వెళ్ళిపోయారు. రైలు కూడా వెళ్ళిపోయింది. అత్తగారు లోపల ట్రంకుపెట్టెలోంచి గౌన్లు తీసి దండెం మీద వేస్తున్నారు. నేను మళ్ళీ షిఫ్టుకు వెళ్ళేదాకా ఉండి, పిల్లని నా దగ్గరే ఉంచి, షిఫ్టు వేళల్లో చూడమని పక్కింటివాళ్ళకు చెప్పి తెనాలి వెళ్ళిపోయారు.

యోగా వల్ల నా బతుకు పూలబాటయిందని రాస్తే సారు పైనుంచి ఈల ఊదుతారు. అలసట ఎక్కడికీ పోలేదు. షిఫ్టులు అవే, ఇంటికొచ్చి అన్నం వండుకోవడం అదే, కొన్ని ఉదయాలు లేవాలంటే ఇప్పటికీ కొండంత బరువే. కానీ లేస్తున్నాను. పిల్ల జడ వేస్తున్నాను, వంకరగానైనా సరే. ఇవాళ బాగాలేకపోతే రేపు చూద్దాంలే అనుకోగలుగుతున్నాను. ఇదంతా ఆ మనిషి పెట్టిన భిక్ష. బతికుండగా ఆయనకు ఈ మాట చెప్పలేదు. చెబితే తిట్టేవారు కూడానూ.

సారు పోయిన సంగతి కార్డు ముక్క రాస్తే, పదోరోజుకు అత్తగారు ఒంటరిగా రైలెక్కి వచ్చేశారు. ఆయనంటే ఆవిడకు అంత అభిమానం ఉందని నాకు తెలియదు. అడిగాను.

"ఆ రోజు మీరు నిద్రపోయాక ఆయన నా దగ్గరికొచ్చారు బాబూ" అన్నారు. "పిల్లని పంపొద్దని పోట్లాడతారేమో అనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. 'అందరు పిల్ల గురించి, అల్లుని గురించి అడుగుతున్రు. బిడ్డ పోయింది నీకు గదా తల్లీ, నువ్వెట్లున్నవ్?' అన్నారు. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆయన ఊపిరి ఎలా తీసుకోవాలో చూపించి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ తెనాల్లో రోజూ చేస్తున్నాను."

మర్నాడు పొద్దున నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆవిడ వసారాలో పీట వేసుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతున్నారు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. బడికి టైమవుతున్నా మా అమ్మాయి జుట్టు విరబోసుకుని, చేతిలో దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని, అమ్మమ్మను పిలవకుండా పక్కనే నిలబడి ఉంది.