ఈలక్క ఎక్కిన క్రేను

రేవు క్యాంటీన్‌లో నేను అంట్లు తోమే తొట్టి మీద ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే పెద్ద క్రేను కనబడుతుంది. దాని కింద, నెత్తిన గట్టి టోపీ, నోట్లో ఈల పెట్టుకుని, ఏళ్ల తరబడి మా తోటికోడలు నిలబడింది. నాకు అక్క, రేవు మొత్తానికి ఈలక్క.

క్రేను పైన కూర్చున్నవాడికి కొక్కెం కింద ఏం జరుగుతోందో సరిగా కనబడదు. కింద నిలబడ్డ మనిషి ఈల వేసి చెయ్యెత్తితే లోడు ఎత్తాలి, చెయ్యి దించితే దించాలి. ఆ ఒక్క మనిషి సైగ తప్ప ఇంకెవరి మాటా వినకూడదు. ‘ఆపు’ అనే సైగకి మాత్రం ఈ పట్టింపు లేదు. ఓడ కెప్టెన్ ఇచ్చినా, ఊడ్చే ఆవిడ ఇచ్చినా ముందు ఆపాలి. నువ్వెవరు, నీకేం పని అని తరవాత తీరిగ్గా అడగొచ్చు.

క్రేను నడిపే పెద్దాయన మంచివాడు. భోజనాల వేళ రేవు ఖాళీగా ఉన్నప్పుడు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని పని మొత్తం నేర్పాడు. అక్క లైసెన్సు పరీక్ష కూడా పాసైంది. ఆయన రిటైరయ్యే ముందు, రేవు పనులన్నీ చూసే మేస్త్రీని పిలిచి, “నా కుర్చీ ఈలక్కకివ్వండి, నేను నిశ్చింతగా ఇంటికి పోతాను” అన్నాడు.

మేస్త్రీ అక్కకేసి చూసి పకపకా నవ్వాడు. “నీకు చెయ్యెత్తడం వచ్చు కదమ్మా, అది చాలు. ఆడవాళ్లు పైకెక్కకూడదని రేవు రూలుంది. మీ ఆరోగ్యం కోసమే పెట్టారు.”

ఆరోగ్యమట! బొగ్గు దుమ్ములో, వేలాడే బరువుల పక్కన నిలబెట్టినన్నాళ్లూ ఎవరికీ గుర్తురాని ఆరోగ్యం, అద్దాల గదీ మెత్తటి సీటూ అనేసరికి గుర్తొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు మేస్త్రీ టీలో చక్కెర వేయలేదు.

కుర్చీ తాత్కాలికంగా మేస్త్రీ బామ్మర్దికి దక్కింది. అతగాడు లోడు దించితే క్యాంటీన్‌లో పళ్లేలన్నీ గలగలలాడేవి. ఆ ‘తాత్కాలికం’ కాస్తా ‘శాశ్వతం’ అయితే అక్క ఇక జన్మలో పైకెక్కలేదు. అక్క ఏడవలేదు గానీ ఇంట్లో గిన్నెలు పెట్టే చప్పుడు మారిపోయింది. అది విని నాకే ఏడుపొచ్చేది.

మా క్యాంటీన్‌కి యూనియన్ పనుల మీద ఒక వకీలమ్మ వస్తూ ఉండేది. ఆవిడకి అడక్కుండానే రెండో టీ పోసి, అక్క సంగతి చెవిన వేశాను. ఆవిడ కప్పు పక్కన పెట్టేసింది.

“ఆడవాళ్ల మీద వివక్ష తీసేస్తామని దేశాలన్నీ రాసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. మన ప్రభుత్వం కూడా సంతకం పెట్టింది. మగవాళ్లతో పాటు ఆడవాళ్లకీ నచ్చిన పని ఎంచుకునే హక్కుందని అందులో ఉంది. కాపాడ్డానికి పెట్టిన రూల్స్‌ని కూడా సైన్సు ఏం చెబుతోందో చూసుకుంటూ అప్పుడప్పుడూ సమీక్షించాలనీ ఉంది.”

“దాన్ని చూసే పెద్దలెవరైనా ఉన్నారా?” అంది అక్క.

“కమిటీ ఉంది. అయితే ముందు మన కోర్టులో...”

అక్క ఆ ‘అయితే’ వినిపించుకుంటేగా! రేవులో కింద పని చిక్కుపడితే ఎవరూ పక్కవాణ్ణి అడగరు, తలెత్తి పైకి ఈల వేస్తారు. జీవితమంతా అలా పని చేసిన మనిషి. తిన్నగా కమిటీకే రాద్దామని పట్టుబట్టింది. చెవినిల్లు కట్టుకుని పోరితే వకీలమ్మ మాత్రం ఏం చేస్తుంది, అర్జీ రాసి పంపింది. నేను ఊరుకోలేక క్యాంటీన్ మొత్తం టాంటాం వేశాను.

కొన్ని నెలలకి జవాబొచ్చింది. ముందు మీ దేశపు కోర్టుల్లో ప్రయత్నించండి, అక్కడ న్యాయం దొరక్కపోతే అప్పుడు రండి అని మర్యాదగానే రాశారు. మేస్త్రీకి పండగైంది. “ప్రపంచం ఏమందమ్మా ఈలక్కా?” అని రోజూ అడిగేవాడు.

“ముందు మన ఇంటి గుమ్మం తొక్కమంది” అని అక్క అతని ముఖం మీదే చెప్పి, మర్నాడే వకీలమ్మతో కలిసి మన కోర్టు మెట్లెక్కింది. కేసు తేలేదాకా ఆ కుర్చీ ఎవరికీ శాశ్వతం చేయకూడదని వకీలమ్మ మొదటి వాయిదాలోనే ఉత్తర్వు తెచ్చింది. ఆ పూట అక్క కడుపునిండా తింది.

రేవు తరఫు వకీలు గొంతున్న మనిషి. “ఎక్కడో కూర్చుని రాసుకున్న కాగితం పట్టుకొచ్చి మన రేవులో ఏం చేయాలో చెబుతారా?” అని గదమాయించాడు. ఇంటికొచ్చాక అక్క భర్త, మా బావగారు కూడా అదే ఎత్తుకున్నారు. ఓడలకి రంగులేసే ఆయన, నోట్లో నాలుక లేని మనిషి.

“అతనన్నదీ నిజమే కదే. అంత దూరంలో ఉన్నవాళ్లకి మనమెవరం?”

అక్క కూర వడ్డిస్తూ గరిటె గాల్లోనే ఆపింది. “లోడు కింద మనిషి పడబోతుంటే ఎవడో దూరం నుంచి చేతులూపాడనుకో. నువ్వు మా రేవువాడివి కాదు, ఊపకు అంటామా?”

బావగారు కంచం ముందుకు జరిపారు. ఇంకో గరిటె కూర వేయించుకున్నారు.

తరవాతి వాయిదాకి జడ్జిగారు రేవు వకీలుని ఒకే ప్రశ్న అడిగారు. “ఈ రూలు పెట్టాక, ఇది ఇంకా అవసరమా అని ఎప్పుడైనా పరిశీలించారా?” వకీలు కాగితాలు తిరగేశాడు, మంచినీళ్లు తాగాడు, మళ్లీ తిరగేశాడు. ఆ రూలు పుట్టినప్పటి క్రేను ఆవిరితో నడిచేదట, పైనున్నవాడి ఎముకలు కుదిపేసేదట. ఆ క్రేను తుక్కు కింద పోయినా రూలు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. బయటి దేశాల ముందు సంతకం పెట్టి ఇచ్చిన మాట ఇంట్లోనూ నిలబెట్టుకోవాల్సిందేనని జడ్జిగారు రాశారు. రూలు చెల్లదన్నారు. ఆ కుర్చీకి పోటీ పెట్టి, ఆడా మగా చూడకుండా నెగ్గినవాళ్లకివ్వమన్నారు. వకీలమ్మ అక్కని గట్టిగా కావలించుకుంది. నేను ఇద్దర్నీ కలిపి కావలించుకున్నాను.

పోటీ అంటే, నీళ్లు నిండా ఉన్న డ్రమ్ముని ఒలక్కుండా ఎత్తి, రేవు ఆ చివర ముగ్గుతో గీసిన గడిలో దించడం. బామ్మర్ది డ్రమ్ము సగం నీళ్లు మేస్త్రీ నెత్తినే పడ్డాయి. అక్కదీ మలుపులో కాస్త తొణికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ గడిలో మెత్తగా కూర్చుంది. కుర్చీ అక్కదైంది.

మొదటి రోజు ఇంకో చిక్కొచ్చింది. కింద సైగ చేసే మనిషి లేదు, అక్క పైకెళ్లిపోయిందిగా! కొత్తవాళ్లు దొరికేదాకా ఆ పని మేస్త్రీయే చేయాల్సొచ్చింది. నేను చేతుల నిండా సబ్బు నురగతో కిటికీ దగ్గర నిలబడ్డాను. కొక్కేనికి లోడు తగిలించారు. మేస్త్రీ టోపీ సర్దుకున్నాడు, బూట్లు చూసుకున్నాడు, ఓడకేసి చూశాడు. చెయ్యి మాత్రం లేవలేదు. సైగ లేకుండా అక్క మీట కదపదు. రేవంతా పని మానేసి చూస్తోంది.

అప్పుడు పైనుంచి ఈల వినబడింది. అక్క తన పాత ఈలని మెళ్లో వేసుకునే ఎక్కింది!

మేస్త్రీ తలెత్తి చూశాడు. తరవాత మెల్లగా చెయ్యెత్తాడు. లోడు నేల వదిలి, మా కిటికీ ముందు నుంచే సాగిపోయి, లారీ మీద దిగింది. నా తొట్టి పక్కన పేర్చిన పళ్లేల్లో ఒక్కటి కూడా కదల్లేదు.