సగం ముద్ద

కర్నూలు హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన కంబన్న సారు కోపిష్ఠి. పిల్లల్ని కొట్టేవాడు కాదు గానీ, అబద్ధం వింటే ఆయన ముఖం కందగడ్డ అయ్యేది. ఆ కోపమే ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టిందని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఉద్యోగం పీకింది కోపం కాదు, సర్కారు. ఆ మాట తేల్చి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేతగాళ్ల ఇంట్లో పుట్టి, మద్రాసులో చదువుకుని వచ్చాడాయన. పందొమ్మిది వందల ముప్పైల చివర్లో, తెలుగులో ఇంకా పేర్లయినా లేని కొత్త భౌతికశాస్త్రాన్ని మాకు సంగటి ముద్దల భాషలో చెప్పేవాడు.

"శక్తి ఊరికే పుట్టదప్పా. పెడితేనే వస్తాది. పెట్టిందంతా పనిగా మారదు కూడా, కొంత వేడిగా పోనే పోతాది," అనేవాడు. అది పాత శాస్త్రం. తర్వాత కొత్తది మొదలుపెట్టేవాడు. బాగా చల్లబడిన వస్తువులో అణువుల ఊగులాట ఎందుకు అణగిపోతుంది? అణువు శక్తిని ముద్దల లెక్కనే పుచ్చుకుంటుంది. చలిలో దానికి అందే వేడి ఒక్క ముద్దకు కూడా చాలదు. సగం ముద్ద ఇచ్చినా దానికి ఇవ్వనట్టే.

అణువులు సంగటి తింటాయా అని మేం పడిపడి నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. బేతంచెర్ల దగ్గర కరువు పనులు పెట్టారు. రోడ్డుకు కంకర కొట్టాలి, కూలి కింద సంగటి పెడతారు. కొలతలు చూసే మనుషులు చాలక సర్కారు కొందరు అయ్యవార్లను అక్కడికి తోలింది. అందులో కంబన్న సారు ఒకరు. అక్కడ జరిగిందంతా తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

కొలత పెట్టె నిండా కంకర కొడితే రెండు ముద్దలు, వెలితిగా ఉంటే ఒకటే. సోమరులకు బుద్ధి రావడానికి ఈ ఏర్పాటట. ఎవరో కడుపునిండా తిని, పంకా కింద కూర్చుని రాసిన రూలు అది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కంకర కొట్టేవాళ్లలో సుంకమ్మ అనే బాలింత ఉండేది. మొగుడు వలస పోయి మళ్లీ రాలేదు. చంటిబిడ్డను గుడ్డ నీడన పడుకోబెట్టి సుత్తి పట్టేది. ఒకనాడు జ్వరమొచ్చి పెట్టె నిండలేదు, ఒక ముద్దే ఇచ్చారు. మర్నాడు పెట్టె ఇంకా వెలితి పడింది. మళ్లీ ఒక ముద్దే. ఆ పైరోజు సుత్తి ఎత్తడమే కష్టమైంది.

"కొడ్తానే ఉండా సామీ, చెయ్యి లేస్తా లేదు," అంది. "బిడ్డకు పాలు కూడా ఇంకిపోతాండాయి."

సారు ఆ వెలితి పెట్టె మీద నిండినట్టు సుద్దతో గుర్తు వేసి, ఆమెకు రెండు ముద్దలు ఇప్పించాడు. ఆ పనుల మీది సూపరింటెండెంటు చూడనే చూశాడు. ఆయనా ఈ సీమవాడే.

"పని తగ్గితే తిండి తగ్గాల. రూలు తెలీదా పంతులూ?"

సారు దూరంగా స్టేషన్లో ఆగి ఉన్న రైలు వైపు చెయ్యి చూపించాడు. "ఆ బండి నల్లమల ఎక్కలేక ఆలస్యమైతే, మర్నాడు దానికి బొగ్గు తగ్గిస్తారా?"

"మనిషి రైలింజనా?"

"కాదు. ఇంజను ఆరిపోతే మళ్లీ రాజేసుకోవచ్చు, మనిషి ఆరిపోతే అంతే. ఊరికే పండుకున్నా ఒళ్లు వెచ్చగా ఉండాలంటే తిండి కావాల. మీరిచ్చే ఒక్క ముద్ద ఆ వెచ్చదనానికే చాలదు. ఇంక పనికి యాడనుంచి వస్తాది? బొగ్గు లేకుండా నడిచే ఇంజను లోకంలో ఎవరూ చెయ్యలేకపోయినారు. మీరు సుంకమ్మను అట్లా నడవమంటాండారు."

ఆ మాటలకు రాజద్రోహం అని పేరు పెట్టారు. ఆ సాయంత్రమే సారును అక్కడినుంచి పంపేశారు, నెల తిరక్కుండా ఉద్యోగమూ తీసేశారు. తర్వాత ఆయన రాయచోటి పోయి, ట్యూషన్లు చెప్పుకుంటూ స్వాతంత్ర్యం వచ్చేదాకా బతికాడు. ఉద్యోగం పోయినందుకు ఒక్కనాడూ బాధపడగా నేను చూడలేదు. ఆయన బాధ వేరే.

ఆయన బేతంచెర్ల నుంచి వచ్చేసిన కొన్నాళ్లకు, ఇంకా రాయచోటి పోకముందే, మల్లక్క అనే కంకర కూలి, సుంకమ్మ బిడ్డను చంకనేసుకుని కర్నూలులో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తల్లికి మళ్లీ ఒక ముద్దే ఇస్తూ పోయారనీ, ఒకరోజు పొద్దున ఆమె లేవలేదనీ చెప్పింది.

సారు ఉన్నపాటున కలెక్టరాఫీసుకు పోయాడు. రూలు మార్చమని అక్కడి పెద్ద గుమాస్తాను అడిగాడు. గుమాస్తా కూర్చోమనైనా అనలేదు.

"ఎందుకప్పా మార్చేది? పనికి వచ్చేవాళ్లు రోజూ తగ్గుతాండారు. కరువు తీరిపోతాండాది," అన్నాడు.

"సుంకమ్మ కూడా రావడం లేదు," అన్నాడు కంబన్న సారు.

"చూస్తివా మరి," అన్నాడు గుమాస్తా.