ఓపల్ చేతిలో అడుగు నేల

ఓపల్ స్టాటిల్‌మయర్ చాలా మంచిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పక్కింట్లో కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా? మంచివాడు ఆమె మొగుడు వెర్నన్. ఓపల్ మాత్రం ఒకటి మనసులో పెట్టుకుందంటే అది తీరేదాకా వదిలే మనిషి కాదు. ఆమె పుట్టినరోజుకి ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా చర్చి ఆడవాళ్ళు నన్ను అడిగారు. పూలూ కొవ్వొత్తులూ ఉన్న కథ కావాలంటే ఇంకెవరినైనా అడగాల్సింది. నాకు తెలిసిన ఓపల్ ఇదీ.

మా కార్డర్స్ మిల్ పేరుకే ఊరు. మాకు మేయరు లేడు, కౌన్సిలు లేదు. రోడ్డు మీద గుంట పడితే కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేయడం, వాళ్ళు వచ్చేదాకా ఆ గుంటని తిట్టుకుంటూ పక్కనుంచి కారు పోనివ్వడం. మాకంటూ ఉన్నది మంటలార్పే బండ్లుండే ఒక ఫైర్‌హౌస్. ఊళ్ళోవాళ్ళే జీతం లేకుండా నడుపుకుంటారు. పెళ్ళి విందు అక్కడే, ఓటు అక్కడే, చావు భోజనం అక్కడే. ఇక మిగిలింది యూనివర్సిటీ. అది మా నెత్తి మీద కూర్చుని, ఇవాళ ఒక వీధి, రేపు ఒక వీధి మింగుతూ పోతోంది.

వెర్నన్ ఆ యూనివర్సిటీలోనే తోటపని చేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఓపల్ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి జుట్టు కత్తిరించేది. మా ఫైర్‌హౌస్‌లో ప్రతి వసంతంలోనూ ఒక ఆదివారం పొద్దున పాన్‌కేక్ విందు జరుగుతుంది. ఊరంతా వస్తుంది, యూనివర్సిటీ పెద్దలూ వస్తారు. పెనం దగ్గర ఎప్పుడూ వెర్ననే. అంచులు కరకరలాడుతూ లోపల మెత్తగా అతను వేసే పాన్‌కేకుల కోసం జనం రెండోసారి, మూడోసారి వరసలో నిలబడేవారు. అతని జీవితంలో ఉన్న దర్జా అంతా ఆ ఒక్క పొద్దునే.

ఒక ఏడాది యూనివర్సిటీ షెడ్డులోంచి గడ్డి కోసే కొత్త బండి పోయింది. మర్నాడే పాన్‌కేక్ ఆదివారం. అప్పట్లో తోటలకీ కట్టడాలకీ డైరెక్టరు గ్రాంట్ థార్న్‌డైక్. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, దువ్విన తల. అందరూ తింటూ ఉండగా పెనం దగ్గరికి వెళ్ళి, హాలంతా వినేట్టు అన్నాడు.

"బండి ఎక్కడ పెట్టావు వెర్నన్? షెడ్డు తాళం నీ దగ్గరేగా ఉంది. ఈ దొంగ చేతుల వంట మేము తినాలా?"

వెర్నన్ పెనం కింద మంట ఆర్పేశాడు. ఓపల్ కుర్చీలోంచి లేచి, "ఏం కూశావురా?" అని మీదికి పోయింది. నేనే నడుం పట్టుకుని ఆపాను. అంత జనంలో ఒక్క మగాడూ లేచి, ఇతను అలాంటివాడు కాదు అనలేదు. ఎలా అంటారు? సగం మందికి జీతాలిచ్చేది యూనివర్సిటీ. కళ్ళు దించుకుని పాకంలో ముంచుకుంటూ తిన్నారు. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పోలీసు కేసు పెట్టలేదు, రుజువు లేదు కాబట్టి. పని మాత్రం తీసేశారు. మరుసటి ఏడాది పెనం దగ్గరికి రమ్మని మా ఫైర్ చీఫ్ లెస్టర్ పిలవలేదు.

ఆ తరవాత వెర్నన్ ఫైర్‌హౌస్ గడప తొక్కలేదు. సైరన్ మోగితే మాత్రం వరండాలోకి వచ్చి, బండ్లు కనుమరుగయ్యేదాకా నిలబడేవాడు. అలా ఎనిమిదేళ్ళు బతికి, గుండె ఆగి పోయాడు.

అంత్యక్రియల రోజు ఎవరో ఒక కుర్రాడు, కుర్రాడేమిటి, గడ్డం నెరుస్తున్న మనిషి, శవపేటిక దగ్గర వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. థార్న్‌డైక్ అక్క కొడుకు. ఓపల్ చెయ్యి పట్టుకుని చెప్పేశాడు. ఆ బండి ఎత్తుకెళ్ళి అమ్ముకున్నది తనేనట.

"మీ మామకి తెలుసా?" అని అడిగింది ఓపల్.

"ఆ రాత్రే చెప్పానమ్మా. నోరు మూసుకో, నేను చూసుకుంటాను అన్నాడు."

అంటే తెలిసే అన్నాడన్నమాట! మర్నాడు పొద్దున తెలిసే, అంతమందిలో, ఆ అమాయకుడి మొహం మీద! ఓపల్ ఏడవలేదు. శవపేటిక మీద పూలు సర్ది, నా చెవిలో, "నెట్టీ, వీడి సంగతి నేను చూడకపోతే నా పేరు ఓపల్ కాదు," అంది. ఆ గొంతు వింటే నాకే భయం వేసింది.

ఇక్కడ మిస్ కోరా ఆస్ట్రాండర్ గురించి చెప్పాలి. మా లిండెన్ వీధిలో ఇళ్ళన్నీ ఆమె తండ్రి కట్టించినవే. ఆయనకీ యూనివర్సిటీకీ ఎప్పుడో ఏదో తగువు. అందుకని వీధి చివర, యూనివర్సిటీ గోడ పొడవునా, ఒక అడుగు వెడల్పు నేల అమ్మకుండా తన పేరునే అట్టేపెట్టుకున్నాడు. ఆ అడుగు దాటకుండా యూనివర్సిటీ మా వీధిలోకి గేటు పెట్టలేదు. చచ్చినా సాధించడమంటే అదీ. తరవాత అది మిస్ కోరాకి వచ్చింది. ఆవిడ వృద్ధాశ్రమంలో మంచాన పడితే జుట్టు దువ్వేది మా ఓపలే. ఒకరోజు దువ్వెన అలాగే పట్టుకుని జరిగిందంతా చెప్పుకుంది. మిస్ కోరాకి తొంభై దాటాయి కానీ తండ్రి పౌరుషం ఎక్కడికి పోతుంది?

"ఆ అడుగు నేల నీకు రాసిస్తానే పిల్లా. వాళ్ళని ఏడిపిస్తానంటేనే సుమా."

"ఏడిపిస్తాను మిస్ కోరా. అందులో మీకు లోటు రానివ్వను."

ఆ ముసలావిడ వారం తిరక్కుండా రాసిచ్చింది, ఆ చలికాలంలోనే తృప్తిగా కన్ను మూసింది.

ఇక ఓపల్ ఎదురుచూసింది. ఎవరింటి ముందు గడ్డి వాళ్ళే కోసుకోవడం మా ఊరి పద్ధతి, చేసిపెట్టే మున్సిపాలిటీ లేదు కదా. ఆ అడుగు నేల కూడా మా వీధివాళ్ళమే వంతులవారీగా కోసేవాళ్ళం. నున్నగా ఉంది కాబట్టి అది కౌంటీవాళ్ళదేనని థార్న్‌డైక్ అనుకున్నాడు. అప్పటికి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడులెండి. ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవారు, కానీ మమ్మల్ని అడగడమేమిటి, చిన్నతనం కాదూ! గోడకి అవతల పెద్ద హాస్టల్ కట్టించాడు. మంటలు లేస్తే బండ్లు రావడానికి మా వీధిలోకి రెండో దారి ఉంటే తప్ప పిల్లల్ని దిగనివ్వమని కౌంటీ వాళ్ళు తేల్చి చెప్పారు. అప్పుడు తెలిసింది బాబుకి, ఆ అడుగు ఎవరి చేతిలో ఉందో.

ముందు లాయర్లు వచ్చారు. ఓపల్ తలుపు తియ్యలేదు. మళ్ళీ వచ్చి, వెర్నన్ పేరుతో తోటలో రాతి బెంచీ వేయిస్తామన్నారు. "బతికున్నప్పుడు పడేసిన పేరు మీద ఇప్పుడు కూర్చుంటారా?" అని మొహం మీదే తలుపు వేసింది. వేరే ఊరైతే మేయరునో కౌన్సిలునో పట్టుకుని ఒత్తిడి తెచ్చేవారు. మా ఊళ్ళో పట్టుకోవడానికి ఎవరున్నారు? తాళం పడిన హాస్టల్ అలాగే ఉంది. పిల్లలు హైవే పక్క మోటెళ్ళలో ఉంటున్నారు, తల్లిదండ్రులు ఫోన్లు చేసి దులిపేస్తున్నారు. యూనివర్సిటీ ప్రెసిడెంటమ్మ థార్న్‌డైక్‌ని నిలదీసింది.

చివరికి అతనే వచ్చాడు, చేతిలో ఆపిల్ పై, అదే, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి వంటకం, పట్టుకుని. నేను ఓపల్ వరండాలోనే బఠానీలు వలుస్తున్నాను.

"మిసెస్ స్టాటిల్‌మయర్, పాతవి మనసులో పెట్టుకోకండి. మీకేం కావాలో చెప్పండి."

"అబ్బో, ఆపిల్ పై కూడా తెచ్చావే! నువ్వే చేశావా, కొన్నావా?"

"కొన్నానండీ."

"అనుకున్నాలే. కూర్చోకు, కుర్చీ ఖాళీ లేదు. వచ్చే పాన్‌కేక్ ఆదివారం అదే హాల్లో, మైకు పట్టుకుని, బండి ఎవరు ఎత్తుకెళ్ళారో, నీకెప్పుడు తెలుసో చెప్పు. చెప్పిన నిమిషంలో అడుగు నేల మీ యూనివర్సిటీదే."

"నా ఉద్యోగం పోతుంది," అన్నాడు.

"ఆయనది పోలేదూ?"

చెప్పకపోతే హాస్టల్ తెరుచుకోదు, అలాగైనా ఉద్యోగం పోతుంది. చెబితే పరువు కూడా పోతుంది. మా ఓపల్ పన్నిన ఉచ్చు అది. అతను మెట్లు దిగుతుంటే నాకు జాలి వేసిందనుకుంటున్నారా? వెయ్యలేదు. ఆ ఆపిల్ పై మాత్రం ఇద్దరం తిన్నాం, బాగానే ఉంది.

ఆ ఆదివారం హాల్లో సూది మోపేంత చోటు లేదు. విషయం అందరికీ పొక్కింది. ప్రెసిడెంటమ్మ ముందు వరసలోనే ఉంది. థార్న్‌డైక్ మైకు దగ్గరికి వచ్చి కాగితం తీశాడు.

"కొన్నేళ్ళ కిందట వెర్నన్ స్టాటిల్‌మయర్ విషయంలో దురదృష్టవశాత్తూ ఒక పొరపాటు జరిగింది..."

"జరగడమేమిటి?" ఓపల్ కూర్చున్నచోటి నుంచే అరిచింది. "వర్షమా, దానంతట అది పడడానికి? ఎవరు చేశారు? ఆ కాగితం మడిచి నోటితో చెప్పు. గట్టిగా చెప్పు, ఆ రోజు వెనక వరసలవాళ్ళకి కూడా వినపడింది."

అతను కాగితం మడిచి జేబులో పెట్టాడు. "నావల్ల కాదు, ఇంతమందిలో..." అన్నాడు.

"ఆయన ఎనిమిదేళ్ళు మోశాడు. నువ్వు ఒక్క పొద్దు మోయలేవా?"

అప్పుడు చెప్పాడు. బండి తీసింది తన మేనల్లుడని, ముందు రాత్రే తెలుసని, తెలిసే వెర్నన్ మీదికి నెట్టానని. అంతా చెప్పాడు. ప్రెసిడెంటమ్మ లేచి, "గ్రాంట్, రేపు పొద్దున నా గదికి రండి," అంది. ఆ గొంతులోనే అందరికీ అర్థమైంది. చీఫ్ లెస్టర్ కళ్ళు తుడుచుకుంటూ ఓపల్ దగ్గరికి వచ్చి చేతులు పట్టుకోబోయాడు. ఓపల్ చేతులు వెనక్కి లాక్కుంది.

"నీ ఏడుపు దాచుకో లెస్టర్. ఆ రోజు నీకు నోరుంది, వాడలేదు. మీ అందరికీ ఉంది."

ఒక్కరూ తల ఎత్తలేదు. ఓపల్ అడుగు నేల పత్రం ప్రెసిడెంటమ్మ చేతికిచ్చి, "గేటు పెట్టుకోండి, పిల్లలు ఏం పాపం చేశారు," అని బయటికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

కార్లో కూర్చున్నాక అడిగాను. "కడుపు చల్లబడిందా?"

"చల్లబడింది," అంది, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "వెర్నన్ ఉండి ఉంటే, ఆ థార్న్‌డైక్ మైకు ముందుకి రాకముందే పోనీలే అని కాఫీ పోసి ఇచ్చేవాడు. అంత మంచివాణ్ణి చేసుకున్నాక, పగ పట్టే పని కూడా నేనే చూసుకోవాలి కదే."

అప్పుడు ఏడ్చింది. పెళ్ళాడినప్పటి నుంచీ ఆ మనిషిని పిలిచిన గొంతుతోనే, వెర్నన్, వెర్నన్ అంటూ, ఫైర్‌హౌస్ ముందే కార్లో కూర్చుని ఏడ్చింది. ఈసారి లోపల ఎవరూ తినడం లేదు.