కత్తెరక్క కోపం

మా అక్క గట్టిగా నవ్విందంటే చాలు, వంటింట్లోంచి వదిన తల బయటికొస్తుంది. "మాత్ర వేసుకున్నావా?" కూరలో ఉప్పెక్కువైందని అక్క అంటే అన్నయ్య పేపరు దించి అదే మాట. బస్సు రాలేదని విసుక్కున్నా అదే మాట. ఆ ఉప్పుకూర నేనూ తిన్నాను, నేనూ మొహం చిట్లించాను. నన్నెవరూ అడగలేదు. నాకు జబ్బు లేదు కాబట్టి నా నాలుక మీద ఇంటిల్లిపాదికీ నమ్మకం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క కటింగ్ మాస్టర్. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే యూనిట్‌లో పని. బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైపొర మీద చాక్‌తో గీసి, పెద్ద కత్తెర దింపిందంటే అడుగుపొర దాకా ఒకటే కోత. అందుకే అక్కడ అందరికీ ఆమె కత్తెరక్క. నేను ఆమె చెల్లెల్ని, అదే యూనిట్‌లో మిషన్ కుడతాను. పెళ్లయ్యాక పక్క వీధిలో కాపురం పెట్టాను. అక్క అన్నయ్యా వదినల దగ్గరే ఉంటుంది.

జబ్బు అబద్ధమని నేననను. బైపోలార్ అని డాక్టరు చెప్పేదాకా దానికొక పేరుందనే మాకు తెలియదు. పైకెక్కితే అక్కకు నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు, లోకంలోని పనులన్నీ ఆమె ఒక్కతే చేసెయ్యగలదు. కిందికి జారితే మంచం, గోడ, అంతే. ఒకసారి అలా పైకెక్కి, చాక్ ముట్టకుండా, చొక్కాలకని తెచ్చిన గుడ్డ మొత్తాన్ని కాలర్లుగా కోసి పడేసింది. ముందు భాగాల్లేవు, చేతుల్లేవు, ఉత్త కాలర్లు. "చొక్కా ఎవడైనా కుడతాడు. కాలర్ బాగుంటేనే పిల్లాడు తలెత్తుకు నడుస్తాడు" అని ఓనర్‌కే పాఠం చెప్పింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుని ఇద్దరం పడీపడీ నవ్వుతాం. అప్పుడు మాత్రం ఆసుపత్రి, ఆ తర్వాత నెలల తరబడి గోడ.

మందులు కుదిరి, మనిషి తేరుకుని పనిలోకి వచ్చింది. ఓనర్ ఆమెను కటింగ్ బల్ల దగ్గరికి రానివ్వలేదు. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు తీసే చోట కూర్చోబెట్టి, గోళ్లు తీసుకునేంత కత్తెర చేతికిచ్చాడు. "నీ మంచికేనమ్మా" అన్నాడు. మా అక్క మంచి కోరేవాళ్లకు ఏ రోజూ కరువు లేదు. ఆమెను ఒక్క మాట అడిగి కోరినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అలాంటి రోజుల్లో క్లినిక్ బెంచీ మీద ఆమెకు ఒక బస్సు కండక్టర్ తగిలాడు. అతనిదీ ఇదే జబ్బు, అక్క కంటే చాలా పాతకాపు. టైర్ల షాపు మీద ఒక గది ఉందనీ, ఇదే జబ్బున్నవాళ్లు వారం వారం అక్కడ కూర్చుంటారనీ, డాక్టరెవరూ ఉండరనీ చెప్పాడు. మొదటిసారి నేను తోడు వెళ్లాను. ఏడుపులూ పెడబొబ్బలూ ఉంటాయనుకున్నాను. తాను పైకెక్కిన రోజు బస్సులో ఉన్నవాళ్లందర్నీ దింపి, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక అని వరసపెట్టి మళ్లీ ఎక్కించిన సంగతి కండక్టర్ చెప్పాడు. అక్క కాలర్ల కథ విప్పింది. గదంతా గొల్లున నవ్వింది. కళ్ల నీళ్లొచ్చేదాకా అక్క నవ్వుతూనే ఉంది. మాత్ర ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒక మూల నుంచి ఒకావిడ "నాకూ అంతే" అంది. ఎంత ప్రేమ ఉన్నా మా ఇంట్లో ఎవరమూ అనలేని మాట అది.

అక్కడొక పద్ధతి ఉంది. ఒంట్లోనూ మనసులోనూ బాగున్న రోజునే తన మనిషిని ఒకరిని తెచ్చుకుని, ఏది జబ్బో ఏది తనో అందరి ముందూ చెప్పుకోవాలి. అక్క నన్ను నిలబెట్టి చెప్పింది.

"చాక్ గీత లేకుండా నేను కత్తెర పెట్టానంటే నన్ను ఆపు. డాక్టర్ దగ్గరికి లాక్కుపో. తిట్టినా వినకు. కానీ నవ్వితే ఆపకు, కోప్పడితే ఆపకు. అవి నావి."

ఈ మాట అన్నయ్య చెవిన వేశాను. "టైర్ల షాపులో కూడా డాక్టర్లు తయారయ్యారా" అన్నాడు. అంతటితో సరి.

గది అలవాటయ్యాక అక్కకు నోరొచ్చింది. ఒకరోజు నేరుగా ఓనర్ ముందుకెళ్లి నిలబడింది. "నా బల్ల నాకివ్వండి. దారాలు పీక్కుంటూ కూర్చోడానికా నేను ఈ పని నేర్చుకుంది?" గొంతు పెద్దదే. చిన్న గొంతుతో ఇన్నాళ్లూ అడిగితే ఎవరు విన్నారు గనక. ఓనర్ సోమవారం అందరి ముందూ ఒక కోత కోసి చూపించమన్నాడు. చేయి నిలకడగా ఉంటే బల్ల ఆమెదే. అక్క మొహం వెలిగిపోయింది. ఆమె ఇటు తిరగ్గానే ఆయన అన్నయ్యకు ఫోన్ చేసి, "మీ చెల్లెలి గొంతు లేస్తోంది, కాస్త చూసుకోండి" అని చెప్పాడట. అది మాకు తర్వాత తెలిసింది.

సోమవారం అక్క చాక్ పట్టుకుంది. చేయి వణికింది. మామూలు వణుకు కాదు, మోచేతి దాకా. గీత వంకర్లు పోయింది. తుడిచి మళ్లీ గీసింది, మళ్లీ అంతే. కత్తెర ఎత్తబోతే జారి కింద పడింది. మిషన్లన్నీ ఆగిపోయి అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. "నేననుకుంటూనే ఉన్నా" అన్నాడు ఓనర్. అక్క కుళాయి దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. మాట ముద్దగా వస్తోంది, అడుగు తూలుతోంది.

నాకు తోచింది కండక్టర్‌కు ఫోన్ చెయ్యడమే. అతను డ్యూటీ మార్చుకుని వచ్చాడు. అక్కను నాలుగడుగులు నడిపించాడు, చేతులు చాపమన్నాడు.

"ఇది జబ్బులా లేదమ్మా. మందు ఎక్కువైనప్పుడు నాకు అచ్చం ఇట్లాగే అయింది. ముందు ఆసుపత్రికి పదండి, రక్తం చూపిద్దాం."

రక్తంలో మందు ఉండాల్సినదాని కంటే బాగా ఎక్కువుంది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదన్నాడు డాక్టరు. రాసినదానికంటే ఎక్కువ వేసుకున్నారా అని అడిగితే అక్క తల అడ్డంగా ఊపింది. అప్పటికే అన్నయ్యతో వచ్చి నిలబడ్డ వదిన నీళ్లు నమలడం మొదలుపెట్టింది. చివరికి అన్నయ్యే కక్కాడు. ఓనర్ ఫోన్ చేసినప్పటి నుంచీ అక్క తాగే పాలల్లో ఇంకో మోతాదు మాత్రలు నూరి కలుపుతున్నారట.

"మళ్లీ కాలర్లవుతాయేమోనని భయపడ్డాం. దాని మంచికేగా చేసింది" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. తన బల్ల తనకిమ్మని అడిగిన పాపానికి తోడబుట్టినవాడే మనిషికి తెలియకుండా మందు తాగించాడు. ఆ మందుకు చేయి వణికితే, చూశారా జబ్బు అని లోకం తీర్పు చెప్పింది. ఆసుపత్రి అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. మాత్ర వేసుకున్నావా అని నన్ను ఎవరూ అడగలేదు.

అక్క కోలుకుని ఇంటికొచ్చాక అన్నయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "తప్పయిపోయింది. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"పెట్టుకుంటాను" అంది అక్క. "నీ భయానికి మందు నేనెందుకు తాగాలి? ఇక్కడ నాలుగు గోడల మధ్య చెప్తే చాలదు. నా చేయి యూనిట్‌లో వణికింది. అక్కడికొచ్చి చెప్పు."

"నలుగురిలో నా పరువేం కావాలి?"

"నాది పోయింది కదా అన్నయ్యా. నీది కూడా కొంచెం పోనీ."

ఇంత గట్టిగా మాట్లాడుతోంది, మళ్లీ పైకెక్కిందేమోనని వదిన అనుమానంగా నా వైపు చూసింది. "అది కోపం వదినా" అన్నాను. "నీకూ వస్తుంది."

అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకొచ్చినట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అక్క అందరి చేతా మిషన్లు ఆపించింది. ఓనర్ తన గదిలోంచి బయటికొచ్చాడు. అన్నయ్య తలవంచుకుని చెప్పాడు. ఆ రోజు చేయి వణికింది జబ్బు వల్ల కాదనీ, తాము దొంగతనంగా పాలల్లో కలిపిన మందు వల్లనీ, చెల్లెలికి ఏమీ తెలియదనీ చెప్పాడు. ముందు వరస ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఓనర్ గాభరాగా చేతులూపాడు. "సరేలెండి, అయిందేదో అయిపోయింది. బల్ల రేపట్నించి ఆమెకే ఇచ్చేస్తాను."

"ఆ బల్ల ఎలాగూ నాదే" అంది అక్క, ఆయన వైపు చూడకుండా. "వెనక మిషన్ల వాళ్లకి వినపడలేదన్నయ్యా. మళ్లీ చెప్పు."

అన్నయ్య తలెత్తి, గొంతు పెంచి, మొదటి నుంచీ మళ్లీ చెప్పాడు.